తాతయ్య జాబు: విరిగిన కాలు, ఐదు వేల పౌన్లు

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదాన్ని రెండుసార్లు చదివాను. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి రాశాడు. తన పేరు అచ్చు వెయ్యవద్దన్నాడు, కనక వెయ్యను. వాడు రాసినది ఇది:

"తాతయ్యా! వేసవి సెలవుల్లో సైకిలు మీంచి పడి నా కాలు విరిగింది. ఆరు వారాలు పిండికట్టుతో ఉన్నాను. ఇప్పుడు కట్టు విప్పేశారు. నడుస్తున్నాను, మెల్లిగా పరిగెత్తుతున్నాను కూడా. బడిలో ఫుట్‌బాల్ ఆడేముందు ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినే కోరుకుంటారు గదా, పోయిన ఏడు నన్నే మొదట కోరుకునేవాళ్ళు. ఈ ఏడు అందరి తరవాతా కోరుకుంటున్నారు. నిన్న అసలు కోరుకోలేదు. 'నువ్వు మా చెప్పులు చూస్తూ కూర్చో' అన్నారు. మా నాన్నగారు కూడా 'ఇక ఆటలు చాలించు' అంటున్నారు. నేనిక పనికిరానివాణ్ణేనా?"

నాయనా, నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఒక్క మాటలో చెబితే నువ్వు నమ్మవు. "తాతయ్య నన్ను ఊరడించటానికి అంటున్నాడు" అనుకుంటావు. అందుచేత నిజంగా జరిగిన సంగతులే చెబుతాను. నీకు వచ్చిన చిక్కే పెద్ద పెద్ద ఫుట్‌బాల్ జట్లకు కూడా ఏటేటా వస్తుంది. దెబ్బ తగిలినవాణ్ణీ, ఆట మందగించినవాణ్ణీ తీసుకోవచ్చునా? తీసుకోకూడదా? తీసుకుని పొరపడితే వాళ్ళకు డబ్బు పోతుంది, పరువు పోతుంది. కనక వాళ్ళు ఈ ప్రశ్నను ఊరికే వదిలిపెట్టరు.

సంతలో ఎడ్ల బేరం ఎప్పుడైనా చూశారా? కుంటే ఎద్దు సగం ధరకే వస్తుంది. తెలివితక్కువవాడు చవక అని సంబరపడి కొనేస్తాడు. మరొకడు కుంటటం చూడగానే మొహం తిప్పుకుని వెళ్ళిపోతాడు. తెలిసిన రైతు ఈ రెండు పనులూ చెయ్యడు. వంగి, ఆ ఎద్దు గిట్ట ఎత్తి చూస్తాడు. ముల్లు దిగి కుంటుతున్నదా? తీసేస్తే నాలుగు రోజుల్లో నడుస్తుంది. తుంటి చెడి కుంటుతున్నదా? ఊరికే ఇచ్చినా వద్దు. ఈ గిట్ట ఎత్తి చూడటం అనేదాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. మన కథలన్నిటికీ ఇదే కీలకం.

ఇక కథ. ఇంగ్లండులో బ్రయన్ క్లఫ్ అనే ఆటగాడుండేవాడు. 1935లో మిడిల్స్‌బరో అనే ఊళ్ళో పుట్టాడు. లీగు ఆటలు 274 ఆడి 251 గోల్స్ చేశాడంటే ఎలాటివాడో ఊహించుకోండి. 1962 డిసెంబరు 26న ఆయన సండర్లండ్ జట్టు తరఫున ఆడుతున్నాడు. చలికి నేల గడ్డకట్టి ఉన్నది. బంతి కోసం పరిగెత్తి వెళ్ళి ఎదుటి గోల్‌కీపరును ఢీకొన్నాడు. మోకాలు చెడింది. అప్పటికి ఆయనకు ఇరవైయేడేళ్ళు.

మన మోకాలి లోపల రెండు బలమైన పట్టీలుంటాయి. అవి గుణకారం గుర్తులాగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పైనున్న తొడ ఎముకనూ, కింద ఉన్న కాలి ఎముకనూ కట్టి ఉంచుతాయి. మనం పరిగెత్తుతూ చటుక్కున పక్కకు తిరిగినప్పుడు మోకాలు జారిపోకుండా ఆపేవి ఇవే. క్లఫ్‌కు తెగినవాటిలో ఈ పట్టీ ఒకటి.

"ఎముక విరిగితే అతుక్కుంటున్నది గదా, పట్టీ ఎందుకు అతుక్కోదు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఎముక విరిగినచోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఉన్నచోటే మెత్తని కొత్త పదార్థం పుట్టి, అది రానురాను గట్టిపడి ఎముకగా మారుతుంది. కాని మోకాలి కీలులో ఎప్పుడూ కొంత జిగట నీరు ఉంటుంది. కీలుకు అది నూనెలాటిది. పట్టీ తెగితే, ఆ నీటిలో, తెగిన కొసల మధ్య రక్తపు గడ్డ నిలవదు. గడ్డ నిలవకపోతే అతుకు పడదు. ఈ రోజుల్లో వైద్యులు ఆ మనిషి కాలి నించే, కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాటి భాగంలో కొంచెం ముక్క తీసి, ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా పోనిచ్చి, కొత్త పట్టీగా బిగిస్తున్నారు. తొమ్మిది నెలలో ఏడాదో ఓపికగా కసరత్తు చేసి చాలామంది ఆటగాళ్ళు మళ్ళీ ఆడుతున్నారు. కాని 1962 నాటికి ఈ చికిత్స వాడుకలోకి రాలేదు. క్లఫ్ 1964లో తిరిగి వచ్చి మూడే మూడు లీగు ఆటలు ఆడగలిగాడు. ఇరవైతొమ్మిదేళ్ళకే ఆయన ఆట ముగిసింది.

కాలు పోయింది. కాని ఆట గురించిన తెలివి ఎక్కడికి పోతుంది? 1965లో హార్టిల్‌పూల్స్ అనే చిన్న జట్టు ఆయన్ను మేనేజరుగా పెట్టుకున్నది. అప్పుడాయనకు ముప్ఫై ఏళ్ళు. పీటర్ టేలర్ అనే పాత స్నేహితుణ్ణి తనకు తోడు తెచ్చుకున్నాడు. టేలర్ కూడా పూర్వం గోల్‌కీపరే. ఒక ఆటగాణ్ణి చూసి "వీడిలో ఏమున్నది" అని పసికట్టటంలో టేలర్ గట్టివాడు. 1967లో ఇద్దరూ డెర్బీ కౌంటీ అనే జట్టుకు మారారు. అది రెండో డివిజనులో ఉన్న జట్టు. మొదటి ఏడు వాళ్ళకేమీ కలిసిరాలేదు. ఇరవైరెండు జట్లలో పద్ధెనిమిదో స్థానం!

అప్పుడు క్లఫ్ చూపు డేవ్ మెకాయ్ మీద పడింది.

మెకాయ్ 1934లో ఎడిన్‌బరోలో పుట్టాడు. టాటెన్‌హామ్ జట్టులో పేరు మోగినవాడు. 1961లో ఆ జట్టు లీగునూ, కప్పునూ ఒకే ఏడు గెలిచినప్పుడు అతను అందులో ఉన్నాడు. 1963 డిసెంబరులో ఒక ఆటలో అతని ఎడమకాలు విరిగింది. నెలల తరబడి ఓపిక పట్టి, 1964 సెప్టెంబరులో చిన్న ఆటలో ఆడి చూసుకుందామని దిగితే, అదే కాలు మళ్ళీ విరిగింది! ఇంకొకడైతే ఆటకు దణ్ణం పెట్టేవాడు. మెకాయ్ మళ్ళీ లేచాడు. 1967లో టాటెన్‌హామ్ కప్పు గెలిచినప్పుడు నాయకుడు అతనే.

అయినా 1968 నాటికి అతనికి ముప్ఫైమూడేళ్ళు నిండాయి. రెండుసార్లు విరిగిన కాలు. మునుపటి పరుగు లేదు. ఎడిన్‌బరో తిరిగి వెళ్ళి తన పాత జట్టులో ఏదో పని చూసుకుందామనుకుంటున్నాడు. క్లఫ్ స్వయంగా వెళ్ళి అతనితో మాట్లాడి ఒప్పించాడు. మెకాయ్‌ను ఇచ్చినందుకు డెర్బీ జట్టు టాటెన్‌హామ్‌కు కట్టిన సొమ్ము ఐదు వేల పౌన్లు. ఇది ఎంత చవకో తెలియాలంటే మరొక లెక్క చూడండి. అదే ఏడు జనవరిలో టాటెన్‌హామ్ వాళ్ళు మార్టిన్ చీవర్స్ అనే యువకుణ్ణి తెచ్చుకుంటూ 1,25,000 పౌన్ల విలువ కట్టారు. అంటే ఒక చీవర్స్ ధరకు ఇరవైఐదుగురు మెకాయ్‌లు వస్తారన్నమాట!

ఇంత చవకగా ఎందుకు వచ్చాడు? అందరూ పోయినదాన్ని లెక్క వేశారు. పరుగు పోయింది, వయస్సు పోయింది, కాలు రెండుసార్లు విరిగింది. ఇవన్నీ నిజమే. క్లఫ్ మిగిలినదాన్ని లెక్క వేశాడు. విరిగినది ఎముక, అది అతుక్కున్నది. ఆ కాలితోనే మెకాయ్ నిన్నమొన్నటి వరకూ ఆడుతున్నాడు. బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే తెలివి ఉన్నది. చుట్టూ ఉన్న పదిమందిని అదిలించి ఆడించే గొంతు ఉన్నది. మోకాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజులు క్లఫ్‌కు బాగా తెలుసు. దెబ్బ తిన్నవాడిలో ఏం మిగులుతుందో అలాటివాడికి తెలియక మరెవరికి తెలుస్తుంది?

అంతటితో ఆగితే కథ లేదు. కొనటం ఒక ఎత్తు, వాడుకోవటం ఒక ఎత్తు. మెకాయ్ పూర్వం మైదానం మధ్యలో అటూ ఇటూ పరిగెత్తుతూ ఆడేవాడు. క్లఫ్ అతన్ని వెనకవరసకు మార్చాడు. "నువ్వు ఇక్కడ నిలబడు. ముందున్నవాళ్ళకు చెబుతూ ఉండు. పరుగు వాళ్ళు పెడతారు" అన్నట్టుగా పని అప్పగించాడు. అతని పక్కనే రాయ్ మెక్‌ఫార్లండ్ అనే ఇరవైయేళ్ళ కుర్రవాడు ఆడాడు. కుర్రవాడికి కాళ్ళున్నాయి, పెద్దవాడికి అనుభవం ఉన్నది. ఒకరి లోటు ఒకరు తీర్చుకున్నారు.

ఆ ఏడు, 1968–69లో, పద్ధెనిమిదో స్థానంలో ఉండిన డెర్బీ రెండో డివిజనులో మొదటి స్థానానికి వచ్చింది. రెండోస్థానం జట్టుకన్నా ఏడు పాయింట్లు ఎక్కువ! మొదటి డివిజనుకు ఎక్కింది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ గురించి రాసే పత్రికారచయితలు ఏటా ఒక ఉత్తమ ఆటగాణ్ణి ఎన్నుకుంటారు. 1969లో ఆ గౌరవం ఇద్దరికి సమంగా వచ్చింది. ఒకడు మెకాయ్. రెండోవాడు మాంచెస్టర్ సిటీ నాయకుడు టోనీ బుక్. ఈ బుక్ కథ కూడా వింతే. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా అతను ఇటుకలు పేర్చే తాపీపని చేసుకుంటూ చిన్న జట్టులో ఆడాడు. ముప్ఫైయొకటో ఏట మాంచెస్టర్ సిటీలో చేరి, 1968లో నాయకుడుగా లీగు గెలిపించాడు. ఆ తరవాత మడమ దగ్గరి నరం దెబ్బతిని కొన్ని నెలలు ఆడలేక, మళ్ళీ వచ్చి 1969లో కప్పు గెలిపించాడు. పత్రికారచయితలు మెచ్చిన ఇద్దరూ, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోనివాళ్ళే!

మెకాయ్ డెర్బీలో మూడేళ్ళు ఆడాడు. ఆ మూడేళ్ళలో మొత్తం లీగు ఆటలు 126. అతను ఆడినవి 122. "ఈ కాలు ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అన్నవాళ్ళకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి? 1972లో డెర్బీ తన చరిత్రలో మొదటిసారి ఇంగ్లండు లీగు విజేత అయింది. అప్పటికి మెకాయ్ వెళ్ళిపోయాడు. కాని అతని పక్కన నిలబడి నేర్చుకున్న మెక్‌ఫార్లండే నాయకుడు. 1973లో మెకాయ్ మేనేజరుగా తిరిగి వచ్చి, 1975లో డెర్బీని మళ్ళీ విజేతను చేశాడు. ఐదు వేల పౌన్లకు వచ్చినవన్నీ లెక్క పెట్టుకోండి మరి!

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఇది ఊహించి చెప్పే లెక్క. ఒక జట్టు దగ్గర నూరు రూపాయలున్నాయి. నూరు రూపాయలూ పోసి పేరున్న ఆటగాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోవచ్చు. లేదా అదే పనితనం ఉండి దెబ్బ తిన్నవాళ్ళను ఇరవై రూపాయల చొప్పున ఐదుగుర్ని తెచ్చుకోవచ్చు. ఐదుగురిలో నలుగురు పనికిరాకపోయినా, ఒక్కడు మునుపటిలాగా ఆడితే డబ్బు గిట్టినట్టే. ఇద్దరు ఆడితే లాభం. పేరున్న ఆ ఒక్కడికీ మర్నాడే కాలు బెణికితే నూరూ పోయినట్టే. డబ్బు తక్కువగా ఉన్న జట్లు చవక బేరాలకు ఎందుకు దిగుతాయో తెలిసింది గదా? పోతే పోయేది కొంచెం, వస్తే వచ్చేది చాలా.

కాని ఈ లెక్కలో ఒక మెలిక ఉన్నది. మైదానంలోకి దిగేది పదకొండుమందే. ఐదుగురూ వైద్యుడి దగ్గరే ఉంటే ఆడేదెవరు? చవక అని కుంటి ఎడ్లనే కొన్న రైతు పొలం ఎప్పుడు దున్నుతాడు? అందుకే తెలిసిన జట్లు ఇలాటివాళ్ళను ఒకరిద్దర్నే తీసుకుంటాయి. కొన్ని జట్లు ముందుగానే "ఆడిన ఆటకే పూర్తి డబ్బు" అని ఒప్పందం రాయించుకుంటాయి.

దెబ్బ తగలకపోయినా ఆట మందగించినవాళ్ళ సంగతి ఏమిటి? దానికీ క్లఫ్ కథే ఉన్నది. 1975 జనవరిలో ఆయన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుకు మేనేజరుగా వచ్చాడు. అదీ రెండో డివిజను జట్టే. అక్కడ జాన్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండు యువకుడున్నాడు. ఒళ్ళు చేసి, కసరత్తు మీద శ్రద్ధ లేక, సిగరెట్లు కాలుస్తూ తిరిగేవాడు. "కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చు" అని జట్టు అమ్మకానికి పెట్టినవాళ్ళ జాబితాలో అతని పేరు కూడా ఉన్నది. క్లఫూ, టేలరూ అతని గిట్ట ఎత్తి చూశారు. పరుగు లేదు. కాని అతను బంతిని ఎక్కడ వెయ్యాలనుకుంటే అక్కడే వేస్తాడు. అతన్ని చీవాట్లు పెట్టి దారిలోకి తెచ్చి, మైదానం ఎడమ అంచుకు మార్చారు.

1978లో ఫారెస్ట్ ఇంగ్లండు లీగు గెలిచింది. 1979 ఫిబ్రవరిలో క్లఫ్ ట్రెవర్ ఫ్రాన్సిస్ అనే ఆటగాణ్ణి పది లక్షల పౌన్లకు తెచ్చాడు. బ్రిటనులో అంత ధర పలికిన మొదటి ఆటగాడు అతనే. ఆ మే నెలలో మ్యూనిక్‌లో యూరప్ కప్పు చివరి ఆట జరిగింది. ఎడమ అంచు నించి రాబర్ట్‌సన్ బంతిని గాలిలోకి కొట్టాడు. అటు నించి ఫ్రాన్సిస్ పరిగెత్తి వచ్చి తలతో గోలు చేశాడు. ఆ ఒక్క గోలుతో ఫారెస్ట్ గెలిచింది. పది లక్షల ఆటగాడి తలకు బంతి అందించినది, ఎవరికీ అక్కరలేదనుకున్న ఆటగాడు! మరుసటి ఏడు, 1980లో, మాడ్రిడ్‌లో జరిగిన చివరి ఆటలోనూ ఒకే గోలు. ఈసారి అది రాబర్ట్‌సన్ తానే చేశాడు.

పిల్లలూ, ఇంతవరకు గెలిచిన కథలే చెప్పాను. ఇక్కడ ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఓడిన కథ కూడా వినండి. ఓవెన్ హార్‌గ్రీవ్స్ అని ఇంగ్లండు జాతీయజట్టులో ఆడిన మంచి ఆటగాడు. మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో ఉండగా అతని మోకాళ్ళ దగ్గరి నరాలు దెబ్బతిని ఏళ్ళ తరబడి బాధించాయి. 2011లో ఆ జట్టు అతన్ని వదిలేసింది. అతను నిరాశపడలేదు. తాను పరిగెత్తటం, బంతి తన్నటం చలనచిత్రాలుగా తీసి, అందరూ చూసేటట్టు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ ఊళ్ళోనే ఉన్న మాంచెస్టర్ సిటీ అతని కోసం ఏ జట్టుకూ దమ్మిడీ ఇవ్వకుండా అతన్ని తీసుకున్నది. సెప్టెంబరులో మొదటిసారి ఆడిన రోజునే అతను దూరం నించి కొట్టి గోలు చేశాడు. అందరూ "ఆహా!" అన్నారు. కాని ఆ ఏడు మొత్తంలో అతను ఆడగలిగినవి నాలుగే ఆటలు. వేసవిలో ఆ జట్టు కూడా వదిలేసింది.

హార్‌గ్రీవ్స్ ఏం తప్పు చేశాడు? ఏమీ చెయ్యలేదు. ధైర్యంలో మెకాయ్‌కు తీసిపోడు. కాని ధైర్యానికి నరాలు మాట వినవు. జట్టు కూడా తప్పు చేసిందనలేము. ఒక మనిషికి అవకాశం ఇచ్చింది, పోగొట్టుకున్నది కొద్దే. ఆ ఏడు అది లీగు గెలిచింది కూడా. చవక పందెంలో ఓడిపోవటం సిగ్గుపడవలసిన పని కాదు. చూడకుండా పందెం వెయ్యటమే సిగ్గుపడవలసిన పని.

"ఇవన్నీ దొరల కథలు, మనవాళ్ళు లేరా?" అని మీలో ఎవరో అంటున్నారు, నాకు వినిపిస్తున్నది. ఉన్నారు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఆడాడు. వెనకవరసలో కొండలాగా నిలబడే జర్నైల్ సింగ్‌కు థాయిలండుతో ఆడుతున్నప్పుడు తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతన్ని గట్టున కూర్చోబెట్టవచ్చు. రహీమ్ మరోలాగా ఆలోచించాడు. అతన్ని వెనకవరస నించి తీసి ముందువరసలో పెట్టాడు. సెమీఫైనల్లో జర్నైల్ ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో చివరి ఆట. మనవాళ్ళు 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. ఒక గోలు ప్రదీప్ కుమార్ బెనర్జీది, మరొకటి జర్నైల్‌ది. అప్పటికే కాన్సర్ వ్యాధితో బాధపడుతుండిన రహీమ్ మరుసటి ఏడు జూన్‌లో చనిపోయాడు.

ఈ కథలో డబ్బు లేదు, కాని కీలకం అదే. పాత పనికి పనికిరానివాడు మరో పనికి పనికి రావచ్చు. అయితే మరొక మాట కూడా చెప్పాలి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి వెంటనే ఆడించటాన్ని నేటి వైద్యులు ఒప్పుకోరు. తలదెబ్బ పైకి మానినట్టున్నా లోపల మెదడుకు హాని ఉండవచ్చునని తరవాత బాగా తెలిసింది. పందెం డబ్బుతో వెయ్యవచ్చు, ప్రాణంతో వెయ్యరాదు.

ఈ తేడా తెలియటానికి చివరి కథ. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్కూ, ఫిన్లండూ ఆడుతుండగా డెన్మార్కు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నట్టుండి మైదానంలో కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది. వైద్యులు అక్కడికక్కడే ఛాతీ నొక్కి, విద్యుత్తు తాకించి, గుండె మళ్ళీ కొట్టుకునేటట్టు చేశారు. తరవాత అతని శరీరంలో ఒక చిన్న పరికరం అమర్చారు. అది రాత్రింబవళ్ళు గుండె కొట్టుకోవటాన్ని కనిపెడుతూ ఉంటుంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే తానే విద్యుత్తు తాకించి సరిచేస్తుంది. అప్పుడతను ఇటలీలో ఇంటర్ మిలాన్ జట్టులో ఉన్నాడు. అక్కడి నియమాల ప్రకారం ఆ పరికరం ఉన్నవాడు ఆడరాదు. 2021 డిసెంబరులో ఆ ఒప్పందం ముగిసింది.

లండనులో బ్రెంట్‌ఫర్డ్ అని చిన్న జట్టున్నది. డెబ్భైనాలుగేళ్ళ తరవాత అప్పుడే పై లీగుకు ఎక్కింది. దాని అప్పటి శిక్షకుడు తామస్ ఫ్రాంక్ కూడా డెన్మార్కువాడే. ఎరిక్సన్‌ను కుర్రతనంలోనే ఎరుగును. 2022 జనవరి చివర బ్రెంట్‌ఫర్డ్ అతన్ని ఆ ఏడు పూర్తయ్యేదాకా తీసుకున్నది. వైద్యులు పరీక్షించి సరేనన్న తరవాతే తీసుకున్నది. అతను మొదటి నించీ ఆడిన పది లీగు ఆటల్లో ఆ జట్టు ఏడు గెలిచింది. కిందికి జారిపోతుందని భయపడిన జట్టు ఇరవైలో పదమూడోదిగా నిలిచింది. 2024 యూరప్ పోటీలలో ఎరిక్సన్ డెన్మార్కుకు ఆడి, స్లొవేనియా మీద గోలు చేశాడు.

ఇక, ఉత్తరం రాసిన అబ్బాయీ, నీ దగ్గరికి వస్తాను. నీకు విరిగినది ఎముక. మెకాయ్‌కు విరిగినదీ ఎముకే. కాని ఇవాళ నువ్వు పోయిన ఏటిలాగా పరిగెత్తలేవు. దానికి కారణం నీ కళ్ళతో నువ్వే చూసుకోవచ్చు. ఒక దారం తీసుకుని రెండు పిక్కలూ కొలిచి చూడు. కట్టులో ఉన్న కాలి పిక్క సన్నగా ఉంటుంది. ఆరు వారాలు పని లేకపోతే కండ కరుగుతుంది. పని చెబితే మళ్ళీ పెరుగుతుంది. నెలకొకసారి కొలిచి నోటుపుస్తకంలో రాసుకో. రెండూ సమానం అయ్యేదాకా "నాకేం, నేను ఎప్పటిలాగే ఉన్నాను" అని ఎవరితోనూ అనకు, అది నిజం కాదు. దానికి బదులు నాయకుడి దగ్గరికి వెళ్ళి ఇలా చెప్పు: "నేను ఇప్పుడు ఎక్కువ పరిగెత్తలేను. కాని బంతి ఎటు పోతుందో నాకు తెలుస్తుంది. నన్ను వెనక నిలబెట్టు." నువ్వు మొదట అడగవలసిన స్థానం అదే.

నాయకులైన పిల్లలకు ఒక మాట. మీరు అందర్నీ కోరుకోగా ఆఖరున మిగిలినవాడు మీకు ఊరికే వచ్చే ఆటగాడు. వాణ్ణి తీసుకున్నందువల్ల మీకు పోయేది ఏమీ లేదు. చెప్పులు చూడమని కూర్చోబెట్టేముందు, వాడికి ఏం వచ్చునో ఒక్కసారి అడగండి. రెండు ఆటలు ఆడించి చూడండి. ఓడిపోతే నన్ను తిట్టుకుంటూ ఉత్తరం రాయండి.

పెద్దలకు ఒక మాట. ఆ అబ్బాయి తండ్రిగారు భయపడటంలో తప్పు లేదు. కొడుకు కాలు విరిగినప్పుడు ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నేను ఊహించగలను. కాని "ఇక ఆటలు చాలించు" అనే మాట ఎక్స్‌రే చూసిన వైద్యుడు అనవలసినది. వైద్యుడు అంటే వినక తప్పదు, వాదించరాదు. ఆయన అనకపోతే మనం ఎందుకు అనాలి? పరీక్ష తప్పిన పిల్లవాడి విషయంలోనూ ఇంతే. మార్కుల కాగితం మీద ఉండేది వాడికి రానిది. వచ్చినది ఏమిటో మనమే కూర్చుని చూడాలి. చూస్తే అన్నిసార్లూ మెకాయ్ దొరకడు. కాని చూడకపోతే ఎన్నడూ దొరకడు.

అబ్బాయీ, పిక్కల కొలతలు నాకు రాసి పంపటం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య